సిండ్రెల్లా అసలు కథ ఏది? ముందు ఏ సంవత్సరం కథో చెప్పండి

మీరు అడిగినవి మూడు విషయాలు. అసలు సిండ్రెల్లా కథలో అక్కలు తమ కాళ్ళు తామే కోసుకుంటారని, స్లీపింగ్ బ్యూటీ అసలు కథలో అత్యాచారం ఉందని వీడియోల్లో చెబుతున్నారు, నిజమేనా? నిజమైతే వీటిని మెత్తబరిచింది ఎవరు, డిస్నీయేనా? ఆరేళ్ళ పాపకు ఏది చదివి వినిపించాలి?

మొదటిదానికి జవాబు: రెండూ నిజమే. కాకపోతే ఆ వీడియోలు వేర్వేరు దేశాల్లో, వేర్వేరు శతాబ్దాల్లో, వేర్వేరు జనం కోసం రాసిన కథలన్నిటినీ ఒకే మూట కట్టి ‘అసలు కథ’ అని పేరు పెట్టేస్తాయి. అక్కలు కాళ్ళు కోసుకునేది జర్మనీలో, గ్రిమ్ సోదరుల పుస్తకంలో, 1812లో. అత్యాచారం ఉన్నది నేపుల్స్‌లో, జాంబాటిస్టా బసీలె పుస్తకంలో, 1634–36 నాటిది. ఈ రెండింటికీ మధ్య, 1697లో, పారిస్‌లో షార్ల్ పెరో అచ్చువేసిన సిండ్రెల్లా ఒకటుంది. అందులో ఒక్క రక్తపు చుక్క లేదు. చివర్లో ఆ అమ్మాయి అక్కలిద్దరినీ క్షమించి, రాజభవనానికి తీసుకెళ్ళి, ఇద్దరు పెద్దింటి మగవాళ్ళకిచ్చి పెళ్ళి కూడా చేయిస్తుంది. గాజు చెప్పు, గుమ్మడికాయ బండి, అర్ధరాత్రి గడువు, ఇవన్నీ పెరో కథలోవే. డిస్నీ 1950లో తీసిన సినిమా ఈయన కథ మీదే నడుస్తుంది. అంటే మనం ‘తర్వాత మెత్తబరిచారు’ అనుకునే సిండ్రెల్లా, ‘భయంకరమైన అసలు కథ’ అనుకునే గ్రిమ్ సిండ్రెల్లా కంటే 115 ఏళ్ళు పెద్దది.

ఇంకా వెనక్కి వెళ్తే చిక్కు పెరుగుతుందే తప్ప తగ్గదు. బసీలె కథలో సిండ్రెల్లా పేరు జెజొల్లా. ఆమె తన మొదటి సవతి తల్లి మెడ మీద పెట్టె మూత పడేసి చంపుతుంది, అదీ కుట్టుపని నేర్పే పంతులమ్మ సలహాతో. ఆ పంతులమ్మే తర్వాత రెండో సవతి తల్లిగా వచ్చి, అప్పటిదాకా దాచిన ఆరుగురు కూతుళ్ళను బయటికి తీస్తుంది. 9వ శతాబ్దపు చైనాలో డువాన్ చెంగ్‌షి రాసిపెట్టిన యె షియెన్ కథలో ఆదుకునేవి ఒక చేప ఎముకలు, కాలికి తొడిగేది బంగారు చెప్పు. 1893లో మేరియన్ కాక్స్ అనే ఆవిడ ఈ కథకూ దాని దగ్గరి చుట్టాలకూ కలిపి 345 రూపాలు పోగుచేసి ప్రచురించింది. వీటిలో దేన్ని అసలు అంటాం?

నేను చాలాకాలంగా ఈ కథల పాత ముద్రణలను పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాను. ఏది అసలు అని వెతికినప్పుడు నాకు పెద్దగా ఏమీ దొరకలేదు. ఫలానా సంవత్సరంలో ఫలానా మనిషి, ఎవరి కోసం, ఏం తీసేశాడు, ఏం కలిపాడు అని చూసినప్పుడు మాత్రం చాలా దొరికింది. అలా చూడటానికి గ్రిమ్ సోదరులంత మంచి ఉదాహరణ ఇంకొకటి లేదు. వాళ్ళు ఒకే పుస్తకాన్ని 1812 నుంచి 1857 దాకా మారుస్తూ ఏడు ముద్రణలు వేశారు. దానికంటే ముందు 1810లో కవి క్లెమెన్స్ బ్రెంటానోకు పంపిన చేతిరాత ప్రతి కూడా ఒకటుంది. ఆయన దాన్ని వాడుకోనూ లేదు, తిరిగి ఇవ్వనూ లేదు. చాలాకాలం తర్వాత అది అల్సాస్‌లోని ఓలెన్‌బర్గ్ మఠంలో బయటపడింది. బ్రెంటానోది మతిమరుపో బద్ధకమో గానీ, దానివల్ల మనకు చాలా మేలు జరిగింది.

1812 నాటి మొదటి సంపుటం దాదాపు 900 కాపీలు వేశారు. బొమ్మల్లేవు. వెనకాల పేజీల కొద్దీ పరిశోధన నోట్సు. పేరులో పిల్లలు ఉన్నా, యాకోబ్, విల్హెల్మ్ ఇద్దరి దృష్టిలో అది పండితులకు పనికొచ్చే సేకరణ. ఇది పిల్లల కోసం రాసింది కాదు, వాళ్ళకు నచ్చితే మాత్రం సంతోషం అన్న ధోరణిలో యాకోబ్ తన మిత్రుడు ఆర్నిమ్‌కు ఉత్తరం రాశాడు. కానీ కొన్నవాళ్ళు పిల్లల కోసమే కొన్నారు. ఫిర్యాదులు మొదలయ్యాయి.

అన్నిటికంటే ఎక్కువ గొడవ అయిన కథ కసాయి ఆట ఆడిన పిల్లలది. తండ్రి పందిని కోయడం చూసిన పిల్లలు అదే ఆట ఆడతారు, అన్న తమ్ముడి గొంతు కోస్తాడు. మేడ మీద పసిబిడ్డకు స్నానం చేయిస్తున్న తల్లి కేక విని పరుగెత్తుకొచ్చి, ఒళ్ళు తెలియని కోపంలో అదే కత్తితో పెద్దవాణ్ణి పొడుస్తుంది. పైకి వెళ్ళేసరికి తొట్టిలో పసిబిడ్డ మునిగి చనిపోయి ఉంటుంది. ఆమె ఉరేసుకుంటుంది, కొన్నాళ్ళకు తండ్రి దిగులుతో పోతాడు. అర పేజీ కథ. మంత్రగత్తె లేదు, రాకుమారుడు లేడు. దీన్ని పిల్లల పుస్తకంలో ఎలా పెట్టారని అడిగితే, చిన్నప్పుడు మా అమ్మే నాకు ఇది చెప్పింది, ఆటల్లో జాగ్రత్తగా ఉండటం దీనివల్లే నేర్చుకున్నాను అని విల్హెల్మ్ సమర్థించుకున్నాడు. అయినా 1819లో రెండో ముద్రణ వచ్చేసరికి కథ మాయమైంది. పిల్లల వయసుకు తగని మాటలన్నిటినీ జాగ్రత్తగా తీసేశామని ఆ ముద్రణ ముందుమాటలోనే చెప్పారు.

తీసేసినవి ఏమిటో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. రపుంజెల్ కథ తీసుకోండి. కోటలో బందీగా ఉన్న అమ్మాయి దగ్గరికి రాకుమారుడు రోజూ వచ్చి వెళ్తుంటాడు. ఈ సంగతి ముసలామెకు ఎలా తెలుస్తుంది? 1812లో ఆ అమ్మాయి అమాయకంగా అడుగుతుంది: నా బట్టలు ఇంత బిగుతైపోతున్నాయేంటి, ఒంటికి పట్టడం లేదు? ఆమె గర్భవతి అని చదివేవాళ్ళకూ ముసలామెకూ ఒకేసారి అర్థమవుతుంది. తర్వాతి ముద్రణల్లో ఇదే చోట ఆమె వేరే మాట అంటుంది: నిన్ను పైకి లాగడం రాకుమారుణ్ణి లాగడం కంటే ఇంత బరువుగా ఉందేంటి? గుట్టుగా ప్రేమించిన పిల్ల కాస్తా ఒక్క వాక్యంతో తెలివితక్కువ పిల్ల అయిపోయింది. సవరణ చేసిన విల్హెల్మ్ ఒకటి మాత్రం వదిలేశాడు. కథ చివర్లో ఎడారిలో ఆమె పక్కన కవల పిల్లలు అలాగే ఉంటారు. ఎక్కడినుంచి వచ్చారో కథ చెప్పదు. నేను ఈ కథ చదివించిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ కవలల దగ్గర ఆగి అనుమానంగా చూస్తారు.

కప్ప రాకుమారుడి కథలోనూ ఇదే జరిగింది. రాకుమార్తె ముద్దు పెడితే కప్ప మనిషి అవుతుందని అందరికీ తెలుసు కదా? గ్రిమ్‌ల ఏ ముద్రణలోనూ ముద్దు లేదు. ఆమె అసహ్యంతో కప్పను ఎత్తి గోడకేసి కొడుతుంది, అప్పుడే అది రాకుమారుడవుతుంది. 1812లో ఆ వెంటనే ఆమె వెళ్ళి అతని పక్కన పడుకుంటుంది. తర్వాతి ముద్రణల్లో పడక తీసేసి, తండ్రి ఇష్టప్రకారం అతను ఆమెకు భర్త అయ్యాడని రాశారు. గోడ దెబ్బ మాత్రం ఉంచారు. నాకు ఈ కథ గోడ దెబ్బతోనే ఇష్టం. ఇచ్చిన మాట తప్పకూడదని తండ్రి ఎంత ఒత్తిడి చేసినా, తనకు నచ్చనిది తన పడక మీదికి ఎక్కబోతుంటే ఆ పిల్ల ఊరుకోలేదు, ఆ తిరుగుబాటుతోనే శాపం తీరింది. ముద్దు పెట్టగానే ఈ కథ నచ్చకపోయినా సర్దుకుపొమ్మనే నీతి కథగా మారిపోతుంది.

తల్లుల సంగతి ఇంకా ఆసక్తికరం. 1812లో స్నో వైట్‌ను చంపించాలనుకునేది కన్నతల్లే. మంచులా తెల్లగా, రక్తంలా ఎర్రగా, కిటికీ చట్రపు కర్రలా నల్లగా ఉండే బిడ్డ కావాలని కోరుకున్న ఆవిడే, బిడ్డకు ఏడేళ్ళు వచ్చేసరికి అసూయతో ఊపిరితిత్తులూ కాలేయమూ కోసి తెమ్మని వేటగాణ్ణి పంపుతుంది. 1819లో ఆ తల్లి కాన్పులో చనిపోయింది, ఏడాది తర్వాత సవతి తల్లి వచ్చింది. హాన్సెల్, గ్రెటెల్ కథలో పిల్లలను అడవిలో వదిలేద్దామనేది కూడా మొదట కన్నతల్లే, 1840 ముద్రణలో సవతి తల్లి అయింది. ఆ కాలంలో కాన్పుల్లో చనిపోయే తల్లులు ఎక్కువ, ఇళ్ళలో సవతి తల్లులు నిజంగానే ఉండేవారు. అందుకే ఈ మార్పు చదివేవాళ్ళకు అతికించినట్టు అనిపించలేదు. ఉద్దేశం మాత్రం స్పష్టం: పిల్లల గదిలో చదివే పుస్తకంలో అమ్మ అనే మనిషి చెడ్డది కాకూడదు. మనం ఇప్పుడు కథల్లో సవతి తల్లి అంటే రాక్షసి అనుకోవడానికి ఈ సవరణలు కూడా కొంత కారణం.

హాన్సెల్ కథలో ఈ మార్పు వల్ల పోయింది ఇంకొకటి ఉంది. అది ఆకలి. కథ మొదట్లోనే దేశంలో కరువు, ఇంట్లో రోజుకు సరిపడా రొట్టె కూడా లేదు. నలుగురూ చావాలా, ఇద్దరైనా బతకాలా అన్నది ఆ భార్యాభర్తల లెక్క. కన్నతల్లి ఆ లెక్క వేస్తే అది కరువు కథ. సవతి తల్లి వేస్తే దుర్మార్గురాలి కథ. పెరో పుస్తకంలోనూ ఏడుగురు కొడుకులను అడవిలో వదిలేసే కథ ఉంది, అందులో కన్న తల్లిదండ్రులే వదిలేస్తారు. ఆ పుస్తకం రావడానికి మూడు నాలుగేళ్ళ ముందు, 1693–94లో, ఫ్రాన్స్‌లో లక్షల మంది కరువుకు చనిపోయారు. చదివినవాళ్ళకు అడవిలో వదిలేయడం అనేది ఊహించలేని సంగతేమీ కాదు.

ఇక హింస. ఇక్కడే చాలామంది పొరబడతారు. గ్రిమ్‌లు సవరణల్లో హింస తగ్గించారని అనుకుంటారు, కానీ చాలాచోట్ల పెంచారు. సిండ్రెల్లా పెళ్ళిరోజున పావురాలు అక్కల కళ్ళు పొడిచే ఘట్టం 1812లో లేదు, 1819లో చేర్చారు. మరియా టాటర్ వంటి పరిశోధకులు దీని గురించి వివరంగా రాశారు: గర్భం, పడక, పెళ్ళికి ముందు సంబంధం తీసేయాలి, చెడ్డవాళ్ళకు పడే శిక్ష మాత్రం ఎంత కఠినంగా ఉంటే అంత మంచిది. ఆనాటి మధ్యతరగతి ఇళ్ళలో పిల్లలకు ఏది హాని చేస్తుంది అనే లెక్క అలా ఉండేది. ఇప్పుడు ఆ లెక్క మారింది. అందుకే 1857 పుస్తకం మనకు ‘డార్క్’గా కనిపిస్తుంది. నిజానికి అది అప్పటి పిల్లలకు బాగా సరిపడేట్టు సవరించిన పుస్తకం.

1825లో వాళ్ళే 50 కథలను ఏరి, తమ్ముడు లుడ్విగ్ గీసిన బొమ్మలతో చిన్న ముద్రణ వేశారు. అప్పటికి రెండేళ్ళ ముందు ఇంగ్లండ్‌లో ఎడ్గర్ టేలర్ అనువాదం జార్జ్ క్రూక్‌షాంక్ బొమ్మలతో వచ్చి బాగా అమ్ముడుపోయింది, దాన్ని చూసే ఈ ఆలోచన వచ్చింది. అంటే పిల్లల మార్కెట్ కోసం కథలను మలచడం డిస్నీ పుట్టకముందే మొదలైంది.

మరి గ్రిమ్‌లు పల్లెల్లో తిరిగి ముసలమ్మల నోట విన్నవి రాసుకున్నారు కదా, అవి జనం కథలే కదా అంటారేమో. ఇది కూడా చాలావరకు కట్టుకథ. కథలు చెప్పినవాళ్ళలో చాలామంది చదువుకున్న పట్నపు ఇళ్ళ యువతులు. పక్కింటి మందుల షాపు వాళ్ళమ్మాయి డోర్ట్‌షెన్ విల్డ్ (తర్వాత విల్హెల్మ్‌ను పెళ్ళి చేసుకుంది), ఫ్రెంచ్ మూలాలున్న హాసెన్‌ప్‌ఫ్లుగ్ ఇంటి ఆడపిల్లలు. జర్మన్ పల్లె గొంతుగా గ్రిమ్‌లు గొప్పగా చెప్పుకున్న డొరోతియా ఫీమన్ కూడా ఫ్రాన్స్ నుంచి వలస వచ్చిన ప్రొటెస్టెంట్ల వంశంలోనిదే. ‘ముసలి మరీ’ అనే పనిమనిషి చెప్పిందని చాలాకాలం నమ్మిన కథలు నిజానికి యువతి మరీ హాసెన్‌ప్‌ఫ్లుగ్ చెప్పినవని 1970ల్లో పరిశోధకుడు హైన్స్ రోలెకె తేల్చాడు. వీళ్ళు పెరోను చదివి పెరిగిన ఇళ్ళవాళ్ళు. ఆ సంగతి గ్రిమ్‌లకూ తెలుసు. మొదటి ముద్రణలో ఉన్న బ్లూబియర్డ్, బూట్ల పిల్లి కథలు మరీ ఫ్రెంచ్ వాసన కొడుతున్నాయని రెండో ముద్రణలో తీసేశారు.

రెడ్ రైడింగ్ హుడ్ గురించి మీరు అడగలేదు గానీ, దీన్ని చెప్పకుండా ఉండలేను. పెరో కథలో తోడేలు పిల్లను తినేస్తుంది. అంతే, కథ అయిపోయింది. వేటగాడు లేడు, పొట్ట కోయడం లేదు. దాని కింద ఒక పద్యం ఉంటుంది: మెత్తగా మాట్లాడుతూ, ఇంటిదాకా వెంట వచ్చే తోడేళ్ళే అన్నిటికంటే ప్రమాదం అని. ఆ హెచ్చరిక అడవి జంతువుల గురించి కాదు, పెద్దిళ్ళ ఆడపిల్లల చుట్టూ తిరిగే మగవాళ్ళ గురించి. పెరో ఫ్రెంచ్ అకాడమీ సభ్యుడు, పద్నాలుగో లూయీ కొలువుకు దగ్గరగా మెలిగినవాడు. ఆయన నీతులు చాలావరకు అలాంటి కొంటె నీతులే. సిండ్రెల్లాకు రాసిన రెండో నీతి చూడండి: తెలివి, ధైర్యం, మంచి పుట్టుక ఎన్ని ఉన్నా, పైకి తీసుకొచ్చే పెద్ద దిక్కు లేకపోతే దండగ. దీన్ని ఏ పిల్లల సినిమాలోనూ చెప్పరు.

19వ శతాబ్దం చివర్లో ఫ్రాన్స్ పల్లెల్లో సేకరించిన రూపాల్లో ఇదే కథ వేరే రకంగా ఉంటుంది. తోడేలు అవ్వను చంపి, మాంసం గిన్నెలో, రక్తం సీసాలో పెడుతుంది. పిల్ల తెలియక తింటుంది, తాగుతుంది. బట్టలు ఒక్కొక్కటే విప్పి మంటలో వేసి పక్కన పడుకోమంటుంది తోడేలు. అప్పుడు పిల్లకు అనుమానం వచ్చి, దొడ్డికి వెళ్ళాలంటుంది. మంచం మీదే కానియ్యమంటే ఒప్పుకోదు. కాలికి తాడు కట్టి బయటికి పంపుతుంది తోడేలు. ఆమె ఆ తాడును పెరట్లో ప్లమ్ చెట్టుకు కట్టేసి ఇంటికి పరుగెడుతుంది. ఎవరూ వచ్చి కాపాడలేదు, తన తెలివితో తానే బయటపడింది. ఇవి పెరో కంటే రెండు వందల ఏళ్ళు ఆలస్యంగా రాసుకున్నవి కాబట్టి, పెరో విన్నది సరిగ్గా ఇదేనని ఒట్టు పెట్టి చెప్పలేం. అలాగని ఇవి ఆయన పుస్తకంలోంచే పుట్టాయనీ అనలేం. ఎర్ర టోపీ వీటిలో చాలావాటిలో కనిపించదు. 1951లో మనోవిశ్లేషకుడు ఎరిక్ ఫ్రామ్ ఆ ఎర్ర టోపీని బహిష్టుకు గుర్తుగా, గ్రిమ్ కథలో సీసా పగలగొట్టొద్దని తల్లి చేసే హెచ్చరికను కన్యత్వానికి గుర్తుగా తీసుకుని పెద్ద విశ్లేషణ రాశాడు. పల్లెజనం చెప్పుకున్న కథలో ఆ వివరాలే లేవు కదా అని చరిత్రకారుడు రాబర్ట్ డార్న్‌టన్ తర్వాత ఆ విశ్లేషణ గాలి తీసేశాడు. ఏ సంవత్సరం అని అడగకపోతే పండితులకు కూడా ఇలాంటి ఇబ్బంది తప్పదు.

గ్రిమ్‌ల కథలో వేటగాడు ఉన్నాడు, తోడేలు పొట్టలో రాళ్ళు పెట్టడం ఉంది. ఆ తర్వాత రెండో ముగింపు ఒకటి ఉంది, చాలా పుస్తకాల్లో దాన్ని కోసేస్తారు. ఇంకోసారి ఇంకో తోడేలు వస్తుంది. ఈసారి పిల్ల దారి తప్పదు, నేరుగా అవ్వ దగ్గరికి వెళ్ళి తలుపు గడియ పెడతారు. తోడేలు కప్పు మీదికెక్కి కాచుకుంటుంది. అవ్వ సాసేజ్‌లు ఉడికించిన నీళ్ళను బయటున్న రాతి తొట్టిలో పోయిస్తుంది. ఆ వాసనకు మెడ చాచి చాచి జారి, తోడేలు తొట్టిలో పడి చస్తుంది. మగ దిక్కు లేకుండా అవ్వా మనవరాలూ కలిసి చేసిన పని అది.

స్లీపింగ్ బ్యూటీ సంగతి త్వరగా చెప్పేస్తాను. బసీలె కథలో నిద్రలో ఉన్న తాలియాను చూసిన రాజుకు అప్పటికే పెళ్ళయింది. ఆమె నిద్రలో ఉండగానే కోరిక తీర్చుకుని వెళ్ళి మరచిపోతాడు. ఆమెకు నిద్రలోనే కవలలు పుడతారు. ఒక బిడ్డ పాల కోసం వెతుక్కుంటూ వేలు చీకడంతో వేల్లో గుచ్చుకున్న అవిసె పీచు ఊడి వచ్చి ఆమె మేలుకుంటుంది. రాజు భార్య ఆ పిల్లలను వండించి మొగుడికి తినిపించాలని చూస్తే వంటవాడు దాచేస్తాడు. అదృష్టవంతులకు నిద్రలో కూడా మేలే జరుగుతుందనే వేళాకోళపు మాటతో ముగుస్తుంది. పెద్దవాళ్ళు కూర్చుని నవ్వుకోవడానికి రాసిన మోటు హాస్యం అది, పిల్లలకు చెప్పే కథ కానే కాదు. పెరో దగ్గర భార్య స్థానంలో నరమాంసం తినే అత్తగారు వచ్చింది. అక్కడ ముద్దు లేదు. రాకుమారుడు మోకరిల్లేసరికి నూరేళ్ళ గడువు పూర్తయి ఆమె లేస్తుంది. ఆమె వేసుకున్న గౌను తన అమ్మమ్మల కాలం నాటి ఫ్యాషన్ అని గమనించి కూడా అతను నోరు మూసుకుంటాడు. (పెరోను చదవాల్సింది ఇలాంటి చోట్ల కోసమే.) గ్రిమ్‌లు అత్తగారి భాగం మొత్తం కోసేసి ముద్దు దగ్గర ఆపారు. 1959లో డిస్నీ ఇద్దరినీ ముందే అడవిలో కలిపింది, తెలియని మగవాడు నిద్రలో ఉన్న పిల్లను ముద్దు పెట్టుకోవడం అప్పటికే ఇబ్బందిగా అనిపించి ఉండాలి.

లిటిల్ మెర్మెయిడ్‌ను ఈ గుంపులో కలపకండి. అది ఎవరి నోటా విన్న కథ కాదు, 1837లో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ రాసిన సొంత కథ. దీనికి మాత్రం ‘అసలు’ నిజంగానే ఉంది. అందులో మంత్రగత్తె ఆమె నాలుక కోసేస్తుంది. వేసే ప్రతి అడుగూ కత్తుల మీద వేసినట్టు ఉంటుంది. రాకుమారుడు ఇంకొకరిని పెళ్ళి చేసుకుంటాడు. అక్కలు జుట్టు అమ్ముకుని కత్తి తెచ్చి, అతన్ని పొడిస్తే నువ్వు బతుకుతావంటారు. ఆమె పొడవదు, నురగై కరిగిపోతుంది, ఆ నురగలోంచి గాలి కన్యగా లేస్తుంది. 1989 సినిమాలో పెళ్ళి అయిందన్నది అందరికీ తెలిసిన తేడా. నాకు అంతకంటే పెద్దదిగా అనిపించే తేడా కోరికలో ఉంది. ఆండర్సన్ పిల్లకు రాకుమారుడు ఎంత కావాలో, చావు లేని ఆత్మ కూడా అంతే కావాలి. ఎందుకంటే జలకన్యలు 300 ఏళ్ళు బతికి నురగైపోతారు, ఆ తర్వాత ఏమీ లేదు. సినిమా ఆ భయాన్ని తీసేసి ప్రేమ, తండ్రితో గొడవ మిగిల్చింది. అలా అని ఆండర్సన్‌ను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. బుద్ధిమంతుడైన పిల్లవాడు కనిపిస్తే గాలి కన్యల శిక్ష ఏడాది తగ్గుతుంది, పెంకివాడిని చూసి కన్నీరు కారిస్తే ఒక్కో చుక్కకు ఒక్కో రోజు పెరుగుతుంది అని చివర్లో రాశాడు. అంత అందమైన కథను చిన్నపిల్లలను బెదిరించడానికి వాడేశాడు.

బ్యూటీ అండ్ ది బీస్ట్ కూడా ఇలాగే ఒకరు రాసిందే. 1740లో విల్నెవ్ అనే ఆవిడ పెద్దవాళ్ళ కోసం రాసిన పొడవాటి కథలో మృగం ప్రతి రాత్రీ నాతో పడుకుంటావా అని అడుగుతుంది. 1756లో బోమాన్ అనే పిల్లల టీచరమ్మ దాన్ని కుదించి, నన్ను పెళ్ళి చేసుకుంటావా అని మార్చింది. మనకు తెలిసింది రెండో ఆవిడ కథే.

ఇక ఎవరు మెత్తబరిచారు అన్న ప్రశ్న. చాలామంది, చాలాసార్లు. పైన చెప్పిన క్రూక్‌షాంక్ మద్యానికి బద్ధశత్రువై, 1850ల్లో కొన్ని పిల్లల కథలను మద్యనిషేధ ప్రచారంగా తిరగరాశాడు. ఆయన సిండ్రెల్లా పెళ్ళిలో చుక్క సారా ఉండదు. ఈ తిరగరాత ధోరణి చూసి మండిపోయిన చార్లెస్ డికెన్స్ 1853లో ఒక వ్యాసం రాసి, అన్ని ఉద్యమాలవాళ్ళూ ఇలాగే మొదలుపెడితే సిండ్రెల్లా ఎలా ఉంటుందో పేరడీ చేసి చూపించాడు. ఇద్దరూ అంతకుముందు స్నేహితులు. ఇప్పుడు పిల్లల పుస్తకాల్లో మాటలు మార్చాలా వద్దా అని జరిగే గొడవలు చూస్తుంటే నాకు ఆ వ్యాసమే గుర్తొస్తుంది.

డిస్నీ చేసిన మార్పు రక్తం తగ్గించడం ఒక్కటే కాదు. గ్రిమ్ స్నో వైట్‌లో రాణి మూడుసార్లు వస్తుంది, నడుముకు బిగించే తాడుతో, విషపు దువ్వెనతో, యాపిల్‌తో. పిల్ల మూడుసార్లూ మోసపోతుంది. 1812లో ఆమె ప్రాణం ఎలా తిరిగొస్తుందంటే, గాజు పెట్టెను మోసి మోసి విసిగిపోయిన నౌకరు ఒకడు, చచ్చిన పిల్ల కోసం మాకీ చాకిరీ ఏమిటని ఆమెను ఒక్కటి వేస్తాడు, గొంతులో ఇరుక్కున్న యాపిల్ ముక్క బయటపడుతుంది. తర్వాతి ముద్రణల్లో మోసేవాళ్ళు తూలితే పడుతుంది. 1810 చేతిరాత ప్రతిలో అయితే ఆమెను బతికించడంలో రాకుమారుడి పాత్రే లేదు, తండ్రి వెంట వచ్చిన వైద్యులు బతికిస్తారు. ముద్దు 1937 సినిమాది. మరుగుజ్జులకు గ్రిమ్‌లు పేర్లు కూడా పెట్టలేదు. రాణి పెళ్ళిలో ఎర్రగా కాల్చిన ఇనుప బూట్లు తొడుక్కుని చచ్చేదాకా ఆడుతుంది, సినిమాలో కొండ మీంచి జారి పడుతుంది. ఇది చిన్న తేడా కాదు. బూట్లు తొడిగించినవాళ్ళు మంచివాళ్ళే. సినిమాలో మంచివాళ్ళ చేతికి మట్టి అంటదు, ప్రకృతే శిక్ష వేస్తుంది. చెడ్డవాళ్ళు ఎత్తునుంచి పడి చావడం తర్వాత డిస్నీకి అలవాటుగా మారింది. కథ అంతా ప్రేమకథ కావడం కూడా అప్పుడే స్థిరపడింది. ఈమధ్య అది కూడా కదులుతోంది. 2013, 2014లో వచ్చిన రెండు డిస్నీ సినిమాల్లో (ఫ్రోజెన్, మలెఫిసెంట్) శాపం తీర్చిన నిజమైన ప్రేమ రాకుమారుడిది కాదు, ఒకదానిలో చెల్లెలిది, ఇంకోదానిలో శపించిన దేవతదే. ఇంకో యాభై ఏళ్ళకు ఇవీ పాతపడతాయి, అప్పటివాళ్ళు వీటిలో ఏదో ఒకటి తప్పు పట్టి మారుస్తారు.

ఇక పాప సంగతి. ఆరేళ్ళకు పెరో సిండ్రెల్లా, గ్రిమ్‌ల 1857 ముద్రణ నుంచి హాన్సెల్ గ్రెటెల్, కప్ప రాకుమారుడు బాగుంటాయి. మంత్రగత్తె పొయ్యిలో పడటం పెద్దవాళ్ళను భయపెట్టినంతగా పిల్లలను భయపెట్టదు, నేను చూసినంతలో వాళ్ళకు అక్కడ హాయిగా ఉంటుంది. వాళ్ళను నిజంగా కదిలించేది రొట్టె ముక్కలు పిట్టలు తినేసిన చోటు, ఇంటికి దారి దొరకని చోటు. అక్కడ నెమ్మదిగా చదవండి, ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. ఆండర్సన్ జలకన్యను తొమ్మిది, పదేళ్ళు వచ్చేదాకా ఆపండి. అందులో రక్తం తక్కువే గానీ, ఆ దిగులు చాలా రోజులు ఉంటుంది. బసీలెను మీరు చదువుకోండి, తలుపు వేసుకుని.

గ్రిమ్ పుస్తకం కొనేటప్పుడు అది పూర్తి అనువాదమో కుదించిందో తెలుసుకోవడానికి రెండు చోట్లు చూస్తే చాలు. కప్ప కథలో గోడ ఉందా, ముద్దు ఉందా? రెడ్ రైడింగ్ హుడ్ చివర్లో తొట్టిలో పడే రెండో తోడేలు ఉందా? గోడా, రెండో తోడేలూ ఉన్న పుస్తకమైతే తీసుకోండి.